కాబోయే అల్లుడి ఇంటిపేరు మెకంజీ: ఆయన కైఫీయత్తుల కల్నల్ వంశమేనా?

ప్రశ్న: మాది ఏలూరు. మా అమ్మాయి ఎడిన్‌బరాలో ఉద్యోగం చేస్తోంది. అక్కడ తనతో పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది, మేమూ ఒప్పుకున్నాం. వచ్చే వేసవిలో పెళ్లి. అబ్బాయి ఇంటిపేరు మెకంజీ. చరిత్ర మాస్టారుగా పనిచేసి రిటైరైన మా అన్నయ్య ఆ పేరు వినగానే, కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించిన కల్నల్ మెకంజీ వంశమే అయి ఉంటుందని చుట్టాలందరికీ చెప్పేశాడు. అబ్బాయి తాతగారేమో తమ మూలపురుషుడు దుప్పి బారినుంచి స్కాట్లండ్ రాజును కాపాడాడని అంటారట. ఇటు మా బంధువులు గోత్రం ఏమిటని అడుగుతున్నారు. వియ్యాలవారికి కానుకగా ఇద్దామని ఇంటర్నెట్‌లో 'మెకంజీ వంశ చిహ్నం' చెక్కిన ఫలకం ఒకటి చూశాను, 18,000 రూపాయలు. కొనమంటారా? పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలా? అసలు ఆ ఇంటిపేరు కథేమిటి?
ఒక తల్లి, ఏలూరు

సమాధానం: ముందు ఫలకం సంగతి చెబుతాను, ఎందుకంటే మీరింకా డబ్బు కట్టలేదు. కొనకండి. స్కాట్లండ్ చట్టం ప్రకారం 'మెకంజీ ఇంటిపేరు వారి చిహ్నం' అనేదే లేదు. డాలు మీద గీసే ఆ చిహ్నం ఒక మనిషికి చెందిన ఆస్తి, ఇంటిపేరుకు చెందినది కాదు. 1672 నాటి చట్టంతో ఆ చిహ్నాలన్నింటికీ ఒక రిజిస్టరు ఏర్పాటైంది. ఎడిన్‌బరాలో 'లార్డ్ లయన్' అనే అధికారి న్యాయస్థానం ఈనాటికీ దాన్ని నడుపుతోంది. నీలం రంగు మీద బంగారు దుప్పి తల ఉన్న డాలు మెకంజీ తెగ నాయకుల కుటుంబానిది. దాన్ని మీ వియ్యంకులు గోడకు తగిలించుకుంటే, తమది కాని బిరుదును తగిలించుకున్నట్టే. మామూలుగా ఎవరూ పట్టించుకోకపోవచ్చు. కానీ ఈ సంగతి తెలిసిన స్కాట్లండ్ పెద్దమనిషి దాన్ని అందుకుని మొహమాటంగా నవ్వి ఊరుకుంటారు. 18,000 పెట్టి ఆ పరిస్థితి కొనితెచ్చుకోవడం ఎందుకు? నాయకుడి పట్ల విధేయత చూపదలచిన వారు పెట్టుకునేందుకు వేరే గుర్తు ఉంది. మండుతున్న కొండ, దాని చుట్టూ బకిలు పెట్టిన తోలుపట్టీ, పట్టీ మీద 'వెలుగుతాను, కాల్చను' అనే అర్థం వచ్చే లాటిన్ మాట. అది చిన్న బ్యాడ్జి. మెకంజీ ఇంటిపేరు ఉన్నవారు ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఇక పేరు. మెకంజీ అనేది స్కాట్లండ్ కొండ ప్రాంతపు పాత భాష గేలిక్‌లోని 'మాక్ కోన్యిఖ్' అనే మాటకు ఇంగ్లీషు రూపం. మాక్ అంటే కొడుకు. కోన్యఖ్ అనేది మగవాళ్ల పేరు, అందగాడు అని అర్థం. ఈ కోన్యఖ్‌ను ఇంగ్లీషులో కెన్నెత్ అని రాయడంతో ఒక చిక్కు వచ్చింది. 9వ శతాబ్దపు రాజు కెన్నెత్ మక్‌ఆల్పిన్ వంశమే మెకంజీలదని కొందరు చెప్పుకుంటారు. ఆ రాజు గేలిక్ పేరు వేరు, ఇది వేరు. రెండు పేర్లనూ ఇంగ్లీషులో ఒకే పేరు కింద కలిపేశారు, అంతే.

ఆ పేరు మధ్యలో వినిపించే 'జ' కూడా అసలు పేరులో లేదు. పాత స్కాట్ రాతలో 'యోఖ్' అనే అక్షరం ఉండేది. చూడటానికి తోక ఉన్న 3 అంకెలా ఉండి, దాదాపు 'య' పలుకు ఇచ్చేది. అచ్చు యంత్రాలు వచ్చాక ఆ అక్షరానికి సీసపు అచ్చు లేక, దానికి పోలికగా ఉన్న జెడ్‌ను వాడారు. చదివేవాళ్లు రాసినదాన్నే పలకడం మొదలుపెట్టారు. 18వ శతాబ్దంలో కూడా 'మకింగీ' అని పాత పద్ధతిలో పలికేవారు ఉండేవారు. ఇదే అక్షరం వల్ల మెంజిస్ అని రాసే ఇంటిపేరును అక్కడి పెద్దలు నేటికీ 'మింగిస్' అని పలుకుతారు. మీ అమ్మాయి ఈపాటికి వినే ఉంటుంది.

తాతగారి దుప్పి కథ దగ్గరికి వద్దాం. కథ ప్రకారం కోలిన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఐర్లండ్ వీరుడు 1263లో లార్గ్స్ యుద్ధంలో రాజు మూడో అలెగ్జాండర్ పక్షాన పోరాడాడు. వేటలో రాజు మీదికి దుప్పి దూకితే దాన్ని చంపి ఆయన ప్రాణం కాపాడాడు. బహుమానంగా 1266లో పడమటి తీరంలోని కిన్‌టెయిల్ ప్రాంతాన్ని పొందాడు. మెకంజీ నాయకుడొకరు 1786లో ఈ ఘట్టాన్ని బ్రహ్మాండమైన చిత్రంగా గీయించారు. అది ఎడిన్‌బరాలోని జాతీయ చిత్రశాలలో ఉంది. మీరు పెళ్లికి వెళ్లినప్పుడు తప్పకుండా చూడండి, గోడంత చిత్రం. కానీ కథ నిజం కాదు. ఆధారంగా చూపే 1266 దానపత్రం నకిలీదని చరిత్రకారులు తేల్చారు. 17వ శతాబ్దంలో మొదటి క్రోమార్టీ ప్రభువు జార్జ్ మెకంజీ రాసిన వంశచరిత్ర ఈ కథను వ్యాప్తిలోకి తెచ్చింది. అప్పటి ప్రభువుల్లో నార్మన్ మూలం, అంటే ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన యోధుల మూలం, ఉందని చెప్పుకోవడం గౌరవంగా ఉండేది. ఫిట్జ్‌జెరాల్డ్‌లు ఆ కోవవారే. 1467లో రాసిన ఒక గేలిక్ రాతప్రతి ఎడిన్‌బరాలోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. అందులోని వంశావళి మెకంజీలను ఐర్లండ్ వీరుడితో కలపదు. ఇరుగుపొరుగున ఉన్న మాథెసన్లతో కలిపి, గిలియోన్ అనే స్థానిక గేలిక్ మూలపురుషుడి సంతతిగా చెబుతుంది. అంటే వాళ్లు ఆ నేలవాళ్లే. నా మటుకు నాకు దుప్పి కథకన్నా ఇదే గౌరవమనిపిస్తుంది. అలాగని పెళ్లి విందులో తాతగారిని సరిదిద్దకండి. ఆ కథ ఆయనకు ఎవరు చెప్పారో, ఏ వయసులో విన్నారో అడగండి.

మీ అన్నయ్యగారి ఊహకు జవాబు ఈ పేరు ఎలా వ్యాపించిందన్న దాంట్లో ఉంది. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, మన అలవాటుతో చూస్తే తప్పుదారి పట్టేది ఇక్కడే.

మనకు ఇంటిపేరు ఒకటంటే రక్తసంబంధం ఉండవచ్చని అనుకుంటాం. స్కాట్లండ్ ఉత్తరాన, హైలాండ్స్ అనే కొండ ప్రాంతంలో, చాలాకాలం మామూలు రైతుకు స్థిరమైన ఇంటిపేరే లేదు. ఎర్ర జుట్టు ఇయన్ కొడుకు డంకన్, అతని కొడుకు రోరీ, ఇలా తండ్రి పేరుతోనో తాత పేరుతోనో పిలిచేవారు. ఇంటిపేరు కావాల్సింది నాయకుడికి, భూమి పత్రాలు రాయించుకునేవాడికి. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ప్రభుత్వం, చర్చి, కౌలు లెక్కలు అడుగుతూ వచ్చిన కొద్దీ రైతులు కూడా ఇంటిపేరు చెప్పాల్సి వచ్చింది. చాలామంది తాము ఎవరి భూమి సాగుచేస్తున్నారో ఆ నాయకుడి పేరే చెప్పారు. అతను రక్షణ ఇస్తాడు, వీళ్లు కౌలు కడతారు, పిలిస్తే కత్తి పట్టుకుని వెళతారు. ఫ్రేజర్ల ప్రాంతంలో 'పిండి బస్తా ఫ్రేజర్లు' అనే మాటే ఉంది. ఓట్స్ పిండి ఒక కొలత ఇస్తే ఇంటిపేరు మార్చుకున్న కుటుంబాలని అర్థం. దీనికి తలకిందుల కథ మెక్‌గ్రెగర్లది. 1603లో ఆ ఇంటిపేరు పెట్టుకోవడమే నేరమని రాజశాసనం వచ్చింది, పెట్టుకుంటే మరణశిక్ష. ఆ కుటుంబాలు క్యాంప్‌బెల్, డ్రమండ్, ముర్రే లాంటి పేర్ల చాటున బతికాయి. మధ్యలో కొన్నాళ్లు ఎత్తేసినా, నిషేధం పూర్తిగా పోయింది 1774లోనే. అప్పటికి కొందరు పాత పేరుకు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. కనుక ఈనాటి ఒక డ్రమండ్ అసలు డ్రమండేనా అన్నది పేరు చూసి ఎవరూ చెప్పలేరు.

మెకంజీల పేరు ఇంతగా పాకడానికి కారణం వాళ్ల భూమి పాకడం. 15వ శతాబ్దంలో వాళ్లు రాస్ ప్రభువుల కింద ఉండే ఒక మోస్తరు తెగ. 1476లో రాస్ ప్రభువుల ప్రాంతం రాజు వశమైంది. పైవాడి అండ పోయినచోట కొందరు చితికిపోయారు, మెకంజీలు రాజు పక్షాన నిలబడి ఎదిగారు. లూయిస్ దీవి అప్పట్లో మెక్‌లౌడ్లది. రాజు ఆ దీవిని ఫైఫ్ ప్రాంతపు వ్యాపార బృందానికి రాసిచ్చాడు. దీవివాళ్లు వాళ్లను నిలవనివ్వలేదు. విసిగిపోయిన బృందం 1610లో తమ హక్కును మెకంజీలకు అమ్మేసింది. 1623కల్లా తెగ నాయకుడు సీఫోర్త్ ప్రభువు అయ్యాడు. తూర్పు తీరంలోని బ్లాక్ ఐల్ నుంచి పడమట సముద్రం మధ్యలోని లూయిస్ దాకా మెకంజీల పెత్తనమే. ఆ నేలంతటా కౌలు లెక్కల్లోకి ఎక్కినవాళ్లలో ఎంతమంది మెకంజీలయ్యారో ఊహించుకోండి. ఒక్క లూయిస్‌లోనే మెకంజీలు, మెక్‌లౌడ్లు, మారిసన్లు ఎంత కిక్కిరిసి ఉంటారంటే, ఇంటిపేరుతో మనిషిని గుర్తుపట్టలేక నేటికీ ఊళ్లో తండ్రీతాతల పేర్లు కలిపిన పిలుపుపేర్లతోనే పిలుచుకుంటారు.

ఈ పేరు సముద్రాలు దాటిన తీరు మరీ వేరు. సీఫోర్త్ ప్రభువుల్లో చివరివాడు ఫ్రాన్సిస్ హంబర్‌స్టన్ మెకంజీ. పైన చెప్పిన దుప్పి చిత్రాన్ని గీయించింది ఈయనే. చిన్నతనంలో జ్వరం వచ్చి వినికిడి పోయింది. బార్బడోస్ గవర్నరుగా చేశాడు. దక్షిణ అమెరికా తీరంలోని బెర్బీస్‌లో బానిసల చేత పత్తి పండించే తోటలు కొన్నాడు. నలుగురు కొడుకులు తనకన్నా ముందే చనిపోగా 1815లో ఆయనా కన్నుమూశాడు. ఆ శాఖలో మగ సంతతి అక్కడితో ఆగింది. కరీబియన్ దీవుల్లో, గయానాలో స్కాట్లండ్ ఇంటిపేర్లు నేటికీ విరివిగా వినిపిస్తాయి. మెకంజీ వాటిలో ఒకటి. అక్కడ ఆ పేరు మోస్తున్నవారిలో చాలామంది పూర్వీకులు తోటల్లో బానిసలు. పేరు వాళ్లమీద యజమానులు, పర్యవేక్షకులు రుద్దినది. మెకంజీ పేరు చరిత్ర చెప్పేటప్పుడు కోటలు, దుప్పులు చెప్పి ఈ భాగం వదిలేయడం నాకు సమ్మతం కాదు. మీ అమ్మాయి ముందు ముందు ఈ పేరుతో కలిసి బతకబోతోంది, ఇదీ తెలిసి ఉండాలి.

ఇప్పుడు కల్నల్. కోలిన్ మెకంజీ 1754లో లూయిస్ దీవిలోని స్టోర్నోవే పట్నంలో పుట్టాడు. 1610 నాటి ఆ కొనుగోలు లేకపోతే అక్కడ మెకంజీలు అంతమంది ఉండేవారే కాదు. పదేళ్ల తర్వాత అదే పట్నంలో పుట్టిన అలెగ్జాండర్ మెకంజీ కెనడాలో ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్లాడు, అక్కడి ఒక పెద్ద నదికి ఆయన పేరే ఉంది. వీళ్లిద్దరి పేరూ ఊరూ ఒకటే అయినా, అంతమాత్రాన దగ్గరి చుట్టాలని ఎవరూ రాయరు. కోలిన్ స్టోర్నోవేలో కస్టమ్స్ అధికారిగా పనిచేసి, 1783లో మద్రాసు చేరాడు. ఇంజనీరై, మైసూరు సర్వే చేసి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. ఆయన పోగుచేసిన రాతప్రతులు, శాసనాల నకళ్లు, నాణేలు, చిత్రాలన్నింటినీ ఈస్టిండియా కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. తర్వాత సి.పి. బ్రౌన్ పట్టుబట్టి గ్రామ చరిత్రలకు నకళ్లు రాయించి జిల్దులు కట్టించబట్టి మనకు ఇన్ని కైఫీయత్తులు మిగిలాయి.

మీ కాబోయే అల్లుడు ఆయన బంధువు కావచ్చా? మెకంజీ పేరున్న వేలమందిలో ఎవరైనా కావచ్చు. కేవలం పేరును బట్టి మాత్రం కాదు. కాగితం చూపాలి.

అయితే మీ అన్నయ్యగారికి నా తరఫున ఒక మాట చెప్పండి. కల్నల్ మెకంజీతో మీ కుటుంబానికి కాకపోయినా మీ ఊరికి సంబంధం ఉంది, దానికి కాగితాలున్నాయి. ఆయనకు మన భాషలు రావు. ఊరూరా తిరిగి, కరణాలను, పూజారులను, ముసలివాళ్లను అడిగి రాయించి తెచ్చిన పని చాలావరకు కావలి వెంకట బొర్రయ్యది, ఆయన తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామిలది. ఆ సోదరులది ఏలూరు. బొర్రయ్య ఇరవై ఏళ్ల ప్రాయంలో మెకంజీ దగ్గర చేరి, 1803లో ఇరవై ఏడో ఏటనే పోయాడు. భారతీయ విజ్ఞానపు వాకిట తనకు తొలి అడుగు బొర్రయ్య పరిచయంతోనే పడిందని మెకంజీ 1817లో ఒక లేఖలో రాశాడు. అల్లుడి పూర్వీకుల్లో కల్నల్‌ను వెతికే బదులు, ఏలూరు బొర్రయ్య గురించి అల్లుడికి చెప్పమనండి. చరిత్ర మాస్టారికి అంతకన్నా మంచి పని ఏముంటుంది?

వంశం నిజంగా తెలుసుకోవాలనుకుంటే అబ్బాయి పని మనకన్నా సులువు. స్కాట్లండ్‌లో 1855 జనవరి 1 నుంచి జననం, వివాహం, మరణం తప్పనిసరిగా నమోదవుతున్నాయి. ఆ మొదటి ఏడాది రిజిస్టరులో ఒక జనన నమోదు చూస్తే ముచ్చటేస్తుంది. బిడ్డ పేరు, పుట్టిన గంటతో ఆగదు. తల్లిదండ్రుల వయసు, వాళ్లు పుట్టిన ఊళ్లు, పెళ్లి ఎప్పుడు ఎక్కడ అయింది, ఇంతకుముందు ఎంతమంది పిల్లలు పుట్టారు, అన్నీ ఒకే పుటలో. గుమాస్తాలు ఇంత రాయలేక సతమతమయ్యారు కాబోలు, మరుసటి ఏడాది చాలా గడులు తీసేశారు. అయినా తల్లి పుట్టింటి పేరు మాత్రం ఎప్పుడూ వదల్లేదు. పెళ్లి, మరణ నమోదుల్లో కూడా ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. వీటి ప్రతులు 'స్కాట్లండ్స్ పీపుల్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కొద్దిపాటి రుసుముతో దొరుకుతాయి. వందేళ్లలోపు జననాల ప్రతులు అక్కడ నేరుగా కనిపించవు, కాబట్టి తాతగారి తరం దాకా ఇంట్లో అడిగి రాసుకుని, అక్కడినుంచి వెనక్కి వెళ్లాలి. 1855కు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. హైలాండ్స్‌లో అవి ఆలస్యంగా మొదలయ్యాయి, మధ్యలో ఖాళీలూ ఎక్కువే. మెకంజీని ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ వెతకాలి. మాక్ అని పూర్తిగా రాస్తే స్కాట్లండ్ వారు, పొట్టిగా 'ఎంసీ' అని రాస్తే ఐర్లండ్ వారు అనే మాట నమ్మవద్దు. ఒకే మనిషి పేరును పెళ్లినాడు ఒక గుమాస్తా ఒకలా, చనిపోయిననాడు మరొకరు మరోలా రాసేవారు.

వెతుకులాటలో మీకు బాగా తెలిసిన పద్ధతి ఒకటి సాయపడుతుంది. అక్కడ కూడా పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం ఆనవాయితీ. పిల్లల పేర్లు వరుసగా తెలిస్తే తాతల పేర్లు ఊహించవచ్చు. ఊహే సుమా, రిజిస్టరుతో సరిచూసుకోవాలి.

గోత్రం సంగతి. అక్కడ గోత్రం లేదు, ఇంటిపేరుకు ఆ పని అప్పగించనూ లేదు. లూయిస్‌లో మెకంజీ అబ్బాయి మెకంజీ అమ్మాయిని చేసుకోవడం వింతేమీ కాదు, ఎందుకంటే ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోవచ్చని వాళ్లకు తెలుసు. బంధువులు అడిగితే ఈ మాటే చెప్పండి. పెళ్లి తంతులో గోత్రం చెప్పాల్సిన చోట ఏమి చెప్పాలన్నది మీ పురోహితుడు తేలుస్తారు. అబ్బాయికి లేనిది కల్పించి అంటగట్టే పని మాత్రం మీరు పెట్టుకోకండి.

అమ్మాయి ఇంటిపేరు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మార్చుకోనక్కరలేదు, మార్చుకోకపోతే అది ఆ దేశపు సంప్రదాయానికి విరుద్ధమూ కాదు. స్కాట్లండ్‌లో స్త్రీలు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే కాగితాల్లో కొనసాగడం పాత ఆచారం. భర్త పేరు పెట్టుకోవడం దక్షిణాన ఉన్న ఇంగ్లండ్ ప్రభావంతో తర్వాత బలపడింది. అక్కడి పాత శ్మశానాల్లో సమాధి రాళ్లు చూడండి. భర్త మెకంజీ అని ఉంటుంది, కింద 'అతని భార్య మార్గరెట్ రాస్' అని ఆమె పుట్టింటి పేరే చెక్కి ఉంటుంది. గేలిక్‌లో అయితే స్త్రీకి 'కొడుకు' అనే మాక్ తగిలించరు. కూతురు అని అర్థం వచ్చే 'నిక్' వాడతారు, మెకంజీ ఇంటి ఆడపిల్ల నిక్ కోన్యిఖ్ అవుతుంది. కనుక మీ అమ్మాయి మీ ఇంటిపేరే ఉంచుకుంటే మెకంజీ ఇంటి పూర్వపు కోడళ్ల దారిలోనే నడిచినట్టు. ఇష్టపడి మార్చుకుంటే అదీ ఆమె ఇష్టమే. కానీ నిర్ణయం ముందే చేసుకుని, పాస్‌పోర్టులో, బ్యాంకులో, వీసా కాగితాల్లో ఒకే పేరు ఉండేలా చూసుకోమనండి. సగం చోట్ల ఒక పేరు, సగం చోట్ల మరొకటి ఉంటే తర్వాత పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు.

ఇక ఫలకం బదులు ఏమి ఇవ్వాలి? అబ్బాయి తల్లి, నాయనమ్మ, అమ్మమ్మల పుట్టింటి పేర్లు, వాళ్ల ఊళ్లు మీ అమ్మాయి చేత అడిగించండి. వాటిని పట్టుకుని ఆ వెబ్‌సైటులో దొరికినంత వెనక్కి వెళ్లి, అబ్బాయి వైపు వంశవృక్షం రాయించండి. పక్కనే మీ వైపుదీ రాయండి, మీ నాయనమ్మల పుట్టింటి పేర్లతో సహా. రెండూ ఒకే కాగితం మీద అందంగా రాయించి పటం కట్టించినా 18,000 కాదు. పని మొదలుపెట్టేముందు అబ్బాయి తాతగారి అనుమతి తీసుకోండి. పాత రిజిస్టర్లలో అనుకోని సంగతులు బయటపడుతుంటాయి, వాటిని గోడకెక్కించాలా వద్దా అన్నది ఆ ఇంటి పెద్దలే చెప్పాలి.